రంగు కింద పోయిన నంబరు

మొదటి ఉత్తరం రాసి తొమ్మిది నెలలైంది. ఉత్తరం అంటే వాట్సాప్‌లోనే. అయినా ఉత్తరం రాసినట్టే రాశాను, పైన 'గౌరవనీయులైన' అని పెట్టి, కింద నా ఊరి పేరు రాసి. రెండు నీలం గీతలు పడ్డాయి. చదివాడన్నమాట. దానితో కలిపి ఇప్పటిదాకా పద్నాలుగు సార్లు రాశాను. మూడింటికి మాత్రం ఏదో వచ్చింది. ఒకసారి బొటనవేలి బొమ్మ. ఒకసారి "చూస్తాను సార్" అన్న రెండు మాటలు. ఇంకోసారి పండగనాడు దీపాల బొమ్మ, అది కూడా అతని ఫోనులో ఉన్న అందరికీ పోయిందే. దాన్ని జవాబు కింద జమకట్టమంటే నేను ఒప్పుకోను.

అందుకే ఇక్కడ, అందరూ చదివేలా రాస్తున్నాను. ఇది ఒక సైకిలు గురించి, దాన్ని కట్టిచ్చి జవాబివ్వని మనిషి గురించి. సైకిలు గురించి ఇంత రాద్ధాంతమా అని అడిగినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. వాళ్ళెవరికీ నా మోకాలు లేదు.

నా పని పట్టుపురుగులు. మదనపల్లెకు కాస్త ఎడంగా చాకీ కేంద్రం నడుపుతాను. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లపురుగులను రెండో జ్వరం దాటేదాకా సాకి, రైతులకు ఇవ్వడం మా పని. జ్వరం అంటే జబ్బు కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, పాత చర్మం విడిచే రోజును మావాళ్ళు జ్వరమంటారు. పురుగులు ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. మూడో జ్వరానికి, నాలుగో జ్వరానికి ఒక్కో రైతు షెడ్డుకూ వెళ్ళి చూడాలి. ఆకు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్ళీ వేయాలి, సున్నం ఎంత చల్లాలి అని చెప్పాలి. చెప్పేవాడు రాకపోతే పంట పోతుంది, పేరు మాత్రం నాది పోతుంది. పుంగనూరు వైపు, చౌడేపల్లె వైపు, ఈమధ్య కుప్పం వైపు కూడా నా రైతులున్నారు. అన్నీ మట్టిదారులే.

రెండేళ్ళ కిందట తడిసిన మల్బరీ తోటలో జారి కుడి మోకాలు మెలిపడింది. లోపల గుజ్జు నలిగిందన్నారు. ఆపరేషను తర్వాత మదనపల్లె డాక్టరు ఒక మాట చెప్పాడు, దాన్ని నేను దేవుడి ముందు నిలబడి విన్నట్టు విన్నాను. "మోటారు బండి మీద గుంతల్లో ఎగిరెగిరి పడడం మానుకో. సైకిలు తొక్కు, కాలికి బలం వస్తుంది. కానీ తేలిక గేరులోనే. ఎత్తులో బరువు గేరుతో తొక్కావంటే మళ్ళీ వాస్తుంది. ఈసారి వాచి తగ్గకపోతే సైకిలూ మానాలి, నీ షెడ్లూ మానాలి."

ఇదీ సంగతి. తేలిక గేరు పడితే నాకు పని ఉంది. పడకపోతే లేదు.

నేను పొట్టికాళ్ళ మనిషిని, చేతులు మాత్రం పొడవు. అంగట్లో దొరికే సైకిలు ఏదీ నాకు కుదరదు. కంకర దారుల్లో పోయే, వంపు హ్యాండిలు ఉండే సైకిలును కొలతలు తీసుకుని కట్టిచ్చే మనిషి ఒకడు బెంగళూరులో ఉన్నాడని తెలిసి పోయాను. దాన్ని గ్రావెల్ బైక్ అంటారని అక్కడే తెలిసింది. అతని దుకాణంలో ఆ రోజు నాతో కలిపి నలుగురం కొనేవాళ్ళం ఉన్నాం. కాఫీ పళ్ళెం వచ్చింది. మూడు కప్పులు. మూడూ ఖరీదైన సైకిళ్ళ వాళ్ళకు పోయాయి. నేను కాఫీ తాగనేమో అనుకున్నారని మా ఆవిడ సర్దిచెబుతుంది. అడిగితే కదా తెలిసేది.

నా కొలతలు తీసుకుంటున్నప్పుడు అతనికి నేను చెప్పింది ఒక్కటే. "అన్నిటికన్నా తేలికైన గేరు తప్పకుండా పడాలి. నాకు మోకాలు బాగాలేదు."

"అంకుల్, మీకు వెనక కొండ సైకిలు సామాను వేస్తాను. చెట్టు కూడా ఎక్కేయొచ్చు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"చెట్టు వద్దు. పుంగనూరు ఎత్తు ఎక్కితే చాలు" అన్నాను. దానికి ఎవరూ నవ్వలేదు.

రంగు మాత్రం నేనడిగినట్టే వేశాడు, లేత మల్బరీ ఆకు రంగు. అడగకపోయినా ఇంకో పని చేశాడు. హ్యాండిలు మీద గేరు మార్చే లివర్లు, వెనక చక్రం దగ్గర చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డీరేలరు, వీటి మీద కంపెనీ గుర్తులన్నీ గీకి నున్నగా చేసి, వాటికీ అదే ఆకు రంగు వేశాడు. మొత్తం సైకిలు ఒకే ఆకుతో చేసినట్టుంది. ఆ రోజు నాకు నచ్చింది. అబద్ధం చెప్పను, చాలా నచ్చింది.

వెనక పదకొండు పళ్ళచక్రాలు. లివరును ఒకసారి తోస్తే 'టక్కు'మని చైను ఒక చక్రం పైకెక్కాలి. అన్నిటికన్నా పెద్ద చక్రమే అన్నిటికన్నా తేలిక గేరు, నా మోకాలికి డాక్టరు రాసిన మందు. దుకాణంలో స్టాండు మీద పెట్టి తిప్పి చూపించాడు, పడింది. ఇంటికి తెచ్చిన మూడో రోజు చౌడేపల్లె దారిలో ఎత్తు మొదలయ్యేసరికి లివరు తోశాను. టక్కు. తోశాను. టక్కు. ఏడో ఎనిమిదో చక్రం దగ్గర చైను గరగరమంది. ఇంకా తోశాను. లివరు టక్కుమంది గానీ చైను కదల్లేదు. పెద్ద చక్రం కాలి పక్కనే ఖాళీగా తిరుగుతోంది, చైను దాని ముఖం కూడా చూడలేదు. మోకాలిలో సూది గుచ్చినట్టయింది. దిగి నడిపించుకుంటూ పోయాను.

ఆకు మోపులు దించుకుని గట్టు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు చూశారు.

"ఏమన్నా, ఇంత పెద్ద సైకిలు పెట్టుకోని దాన్నే నడిపించుకోని పోతాండావే?"

"గేరు పడలేదమ్మా."

"పడనిది యాల కొన్నావన్నా? మా ఇంటాయన సైకిలు ఉండాది, ఇస్తా తీసుకో. దానికి గేరే లేదు, పడేదీ లేదు, పడనిదీ లేదు."

రెండో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. ఆ ఎత్తు అయ్యేదాకా వెనకనుంచి వాళ్ళ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే 'గౌరవనీయులైన' రాశాను. జవాబు లేదు. రెండో ఉత్తరానికి బొటనవేలు వచ్చింది. బొటనవేలంటే ఏమిటో, పడుతుందనా, పడదనా, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మదనపల్లెలో మాకు తెలిసిన ముసలి సైకిలు మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. నా చిన్నప్పటి సైకిలుకు పంచరు వేసినాయనే. ఆయన నా సైకిలును తిరగేసి, వేలాడుతున్న డీరేలరును వేలితో ఊపి చూశాడు.

"ఈ తోక యాలప్పా దీనికి?"

"అదే గేరు మార్చేది."

"మారలేదంటాండావే మళ్ళ." స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. గేరు వైరును బిగించాడు, పెద్ద చక్రం పడింది, చిన్నవన్నీ పోయాయి. సడలించాడు, చిన్నవి వచ్చాయి, పెద్దది పోయింది. ఒక పూటంతా ఇదే. చివరికి స్క్రూడ్రైవరు కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. "గొర్రెల్ని ఈ కంచె కాడ ఆపితే ఆ కంచె కాడ దూకతాండాయప్పా. నా సేతిలో పని కాదిది. కట్టినోడినే అడుగు."

కట్టినవాడినే కదా అడుగుతున్నాను.

నేను బయల్దేరేముందు ఆయన వైరును కాస్త బిగువుగానే వదిలి, ఒక చిన్న మర వదులు చేశాడు, తోక ఇంకొంచెం లోపలికి పోవడానికి. ఆ మర చైను పళ్ళచక్రాలు దాటి వెనక చక్రం పుల్లల్లోకి, అంటే స్పోకుల్లోకి, పోకుండా ఆపేదని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

అప్పటినుంచి నా రోజు టేపుతో మొదలయ్యేది. టైలరు దగ్గర అడిగి తెచ్చుకున్న కొలత టేపు. పొద్దున లేవగానే మంచం మీదే కుడి మోకాలి చుట్టూ పెట్టి చూసేవాణ్ణి, తర్వాత ఎడమది. తేడా ఒక వేలు దాటితే ఆ రోజంతా ఏ పనిలో ఉన్నా చేయి మోకాలి మీదికే పోయేది. మా ఆవిడ గడపలో నిలబడి చూసి, "మోకాలికి రవిక కుట్టిస్తావా ఏమయ్యా?" అనేది. ఆమె నవ్వుతూనే అనేది గానీ, టేపు మీద అంకె ఎంతో తను కూడా ఓరగా చూసుకుని పోయేది.

దారులన్నీ నా తలలో మారిపోయాయి. ఇంతకుముందు పుంగనూరు దారి అంటే ఏ రైతు షెడ్డు ఎక్కడ అన్నదే గుర్తుండేది. ఇప్పుడు ఏ ఎత్తు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ దిగి నడవాలి, దిగితే ఎవరు చూస్తారు అన్నదే. ఎత్తు కనపడడానికి చాలా ముందే వేళ్ళు లివరు మీదికి పోయేవి. చెవులు రెండూ వెనక చక్రం దగ్గరే. ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే సగం మాట వినేవాణ్ణి కాదు. సైకిలు తొక్కేవాళ్ళ గుంపొకటి ఫోనులో ఉంటే అందులో అడిగాను. ఒకాయన "గేరు కాదు సార్, వయసు" అని రాసి, నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ గుంపులోంచి బయటికి వచ్చేశాను. ఆయన నా కేంద్రం ముందునుంచే రోజూ పోతాడు. నేను తలెత్తను.

నెలలు గడిచేకొద్దీ ఇంకో బాధ చేరింది. లివరు బరువెక్కింది. తోస్తే వెంటనే ఏమీ జరగదు, రెండు మూడు క్షణాలాగి ఒక్కసారే రెండు చక్రాలు దూకుతుంది. నాసిరకం వైరు వేశాడని దాని మీద ఇంకో ఉత్తరం రాశాను. రెండు నీలం గీతలు.

పుంగనూరు దాటిన తర్వాత ఒక ఎత్తు మీద అది జరిగింది. వెనక టమోటా లారీ హారన్ కొడుతోంది. తేలిక గేరు కావాలి, ఎలాగైనా కావాలి అని లివరును పూర్తిగా తోశాను. ఏమీ కాలేదు. మళ్ళీ తోశాను. ఉన్నట్టుండి చైను ఎక్కింది. పెద్ద చక్రం మీదికెక్కి, ఆగకుండా దాన్ని కూడా దాటి, పుల్లల్లోకి పోయింది. చక్రం బిగుసుకుపోయింది. నేను కుడివైపు, లారీ వచ్చే వైపే పడ్డాను. లారీ టైరు నా చేతికి ఎంత దూరంలో ఆగిందో నేను చెప్పను, చెబితే మా ఆవిడ ఇది చదువుతుంది. డ్రైవరు కిందికి దూకాడు. తిట్టడానికే దిగాడు గానీ నా ముఖం చూసి ఆగిపోయి, ఖాళీ క్రేటు ఒకటి బోర్లించి నన్ను దాని మీద కూర్చోబెట్టాడు.

"సచ్చేదానికి నా లారీనే దొరికిందా అప్పా నీకు? యాడన్నా దెబ్బ తగిలిందా?"

మోకాలు కుండలాగా వాచింది. డాక్టరు నొక్కి చూసి, వారం పడుకోమన్నాడు. పోయేటప్పుడు మాత్రం, "చెప్పాను కదా" అన్నాడు. "ఇంకోసారి ఇలా వచ్చావంటే నేను చెప్పేది ఏమీ ఉండదు."

మంచం మీద పడుకుని ఆ లారీ ఫొటో, చైను ఫొటో, మోకాలి ఫొటో పంపాను. "చూస్తాను సార్" అన్న రెండు మాటలు వచ్చింది అప్పుడే. ఏం చూశాడో.

కుప్పం దగ్గర ఒక రైతు మొదటిసారి నా దగ్గర పురుగులు తీసుకున్నాడు. మూడో జ్వరానికి వస్తానని మాటిచ్చాను. కుప్పంలో రైలు స్టేషనుకు దగ్గర్లో, చాలా ఏళ్ళు బెంగళూరులో పెద్ద సైకిళ్ళ దుకాణంలో పనిచేసి తిరిగొచ్చిన మెకానిక్కు ఉన్నాడని ఆ రైతే చెప్పాడు. మదనపల్లె నుంచి ఆ వైపు పోయే టెంపోలో ఖాళీ క్రేట్ల మీద సైకిలును పెట్టించి, తోక పక్క పైకి ఉండేలా చూసుకుని, దారంతా దాన్ని చేత్తో పట్టుకునే కూర్చున్నాను.

కుప్పం మెకానిక్కు నలభై లోపు మనిషి, తక్కువ మాట్లాడతాడు. నేను ఎనిమిది నెలల కథ చెబుతుంటే వింటూనే గేరు వైరు ఒక కొస విప్పి, గొట్టంలోంచి లాగాడు. వైరు రాలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టి లాగాడు. బయటికొచ్చిన వైరు గోధుమరంగు పొట్టు రాలుస్తూ వచ్చింది.

"అన్నా, ఇది సముద్రం కాడ తిరిగిన సైకిలా?"

"కాదు. మదనపల్లె."

"మళ్ళ యాల ఇట్ల తినేసుండాది?" వైరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చైను మీద వేలు రాసి అదీ వాసన చూశాడు. "ఇది బ్లీచింగు వాసన. సైకిలుకు బ్లీచింగు కొడతాండావా?"

"కొడతాను" అన్నాను.

పట్టుపురుగుల షెడ్డు గడపలో బ్లీచింగ్ పొడి నీళ్ళు ఉంటాయి, పక్కన సున్నం చల్లి ఉంటుంది. కాళ్ళు అందులో తొక్కి, చేతులు కడుక్కుని లోపలికి పోవాలి. ఒక షెడ్డు మట్టి ఇంకో షెడ్డుకు పోతే రోగం పోతుంది, ఒక్క రాత్రిలో వేల పురుగులు నల్లబడతాయి. ఈ మాట రైతులకు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. నేను చెప్పినదాన్ని నేనే చేయకపోతే ఎలా? ప్రతి షెడ్డు గేటు దగ్గరా, వెళ్ళేముందు ఒకసారి వచ్చాక ఒకసారి, స్ప్రేయరుతో నా సైకిలు మీద బ్లీచింగ్ నీళ్ళు కొట్టేవాణ్ణి. తోక మీద, చైను మీద ఇంకా ఎక్కువ, మట్టి అక్కడే పట్టుకుంటుంది కనక. ఎనిమిది నెలలు ఎంతో నిష్ఠగా చేశాను. ఇంత శుభ్రంగా ఉండే సైకిలు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదని లోపల్లోపల గర్వం కూడా.

సైకిలు ఇచ్చిన రోజు బెంగళూరులో అతను "మామూలు నీళ్ళతో కడగండి అంకుల్, చాలు" అన్నాడు. అన్నాడు. అది నిజం. కాఫీ ఇవ్వలేదన్నది గుర్తున్నప్పుడు ఇదీ గుర్తుండాలి కదా.

ఆ క్షణంలో నాకు భయమేసింది మోకాలి గురించి కాదు. ఈ వైరు ముక్క అతని చేతికి పోతే ఇక అంతే. అన్నిటికీ నా బ్లీచింగే కారణమంటాడు. పదమూడు ఉత్తరాలూ చెత్తలో పడతాయి. పక్కనున్నవాళ్ళు మళ్ళీ నవ్వుతారు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు" అన్నాను.

"నేనెవురికి సెప్పాలన్నా? వైరు కొత్తది ఏస్తా. సైను కూడా పోయింది, మారుస్తా. ఆ పుల్లల కాడ మర ఎవురో వదులు చేసినారు, అది బిగిస్తా. తర్వాత సూస్తాం."

రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను స్టూలు మీద కూర్చుని, పడాలా పడకూడదా అని నాలో నేనే కొట్లాడుకున్నాను. పడితే మోకాలు బతుకుతుంది. కానీ పడితే ఇన్నాళ్ళూ తప్పు నాదే. అతన్ని పదమూడు సార్లు ఊరికే నిలదీసినట్టు.

మెకానిక్కు పెడలు చేత్తో తిప్పుతూ లివరు తోశాడు. టక్కు, ఎక్కింది. టక్కు, ఎక్కింది. కొత్త వైరు వెన్నలాగా జరుగుతోంది. ఏడు దాకా చక్కగా పోయింది. ఎనిమిది దగ్గర గరగర. తొమ్మిది సగం ఎక్కి జారింది. చివరి టక్కు వినిపించింది, పెద్ద చక్రం ఖాళీగానే తిరిగింది.

ఒక వస్తువు పనిచేయనందుకు నేను అంత సంతోషపడ్డది అదే మొదటిసారి. స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"కూసోన్నా, కూసో. ఇంత నవ్వు ముఖం పెట్టినావే, ఏమి పడిందని?" అన్నాడతను. తర్వాత వైరును తోక దగ్గర విప్పి, చిన్న స్కేలు ఉందా అని అడిగాడు. నా సంచిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది, పిల్లపురుగులకు ఆకు ఎంత సన్నగా తరిగారో చూడడానికి. వైరు మీద పెన్నుతో గుర్తు పెట్టి, లివరును మొదటినుంచి చివరిదాకా పది టక్కులు తోయించి కొలిచాడు. ఇరవై ఏడు మిల్లీమీటర్లు.

"సూసినావా? ఈ లివరు రోడ్డు సైకిలుది. ఈ తోక కొండ సైకిలుది. ఈ మాదిరి తోకకు పది టక్కులకు ముప్పై ఆరు దాకా వైరు లాగల్ల. లివరు లాగేది తక్కువ, తోక అడిగేది ఎక్కువ. కొంచెం కొంచెం తక్కువై పెద్ద సక్రం కాడికి పొయ్యేసరికి ఏమీ మిగల్లేదు. రెండింటికీ పదకొండే కదా అని జత కట్టేసినాడు."

"స్టాండు మీద ఎలా పడింది?"

"వైరు బాగా బిగిస్తే పడతాది. సిన్నవి పోతాయి. వాటిని నీకు సూపిచ్చినాడా?"

చూపించలేదు. నేనూ అడగలేదు.

"సరే, ఏం మార్చాలి?"

"తోకన్నా మార్చల్ల, లేదంటే వైరు లాగుడు పెంచే సిన్న కప్పీ ఒకటి మధ్యలో పెట్టల్ల." వంగి తోక వెనక, లివరు లోపల, టార్చి వేసి వెతికాడు. వేలితో తడిమాడు. "నంబరు యాడుంది? అంతా గీకేసి రంగు పూసినాడే! ఈ తోకలు ఒక్కో కాలానికి ఒక్కో మాదిరి అన్నా. ముప్పై ఆరు అనేది నా అందాజు. అందాజు మీద కప్పీ తెప్పిస్తే మళ్ళా ఇదే కథ, మళ్ళా పుల్లల్లోకి పోతాది. కట్టినోడిని నంబరు అడుగు. ఒక్క నంబరు."

అప్పటికి ఒక ఏర్పాటు చేశాడు. వైరు బిగించి పెద్ద చక్రం పడేలా పెట్టాడు. చివర ఉన్న మూడు చిన్న చక్రాలు ఇక లేనట్టే. "ఎక్కేదానికి సరిపోతాది. సదరంగా, ఎత్తు లేకుండా ఉండే కాడ కాళ్ళు గిరగిరా తిరగతాయి. వైరు కొంచెం సాగినా మళ్ళా సెడతాది. ఇది కట్టుకట్టినట్టే, నయం చేసినట్టు కాదు."

అక్కడినుంచి రైతు ఊరికి తొక్కుకుంటూ పోయాను. ఎత్తు వచ్చింది. లివరు తోశాను. పెద్ద చక్రం పడింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక ఎత్తు మీద నా మోకాలు ఏమీ అనలేదు. అయినా ఒక్క గజం కూడా నిశ్చింతగా తొక్కలేదు. ఇప్పుడు జారుతుంది, ఇప్పుడు జారుతుంది అనుకుంటూనే పైకెక్కాను.

రైతు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, స్ప్రేయరు భుజాన వేసుకుని.

"ఆగు సామీ, ఆగు. సైకిలు కడగల్ల."

"సైకిలుకు వద్దప్పా. ఈడనే బయట పెట్టేస్తా" అన్నాను. అతని ముందు మాట్లాడేసరికి నా నోటికీ అతని మాటే వచ్చింది.

"అదెట్ల సామీ? నువ్వే కదా సెప్పింది, ఈశ్వరుడు వచ్చినా బ్లీచింగు తొక్కే లోపలికి రావల్లని?"

"చెప్పాను."

"మళ్ళ నీ సైకిలు ఈశ్వరుని కన్నా పెద్దదా?"

నవ్వాడు గానీ ముఖంలో నవ్వు లేదు. కొత్త రైతు. నా మాట నమ్మి వేల పురుగులు తెచ్చుకున్నవాడు. అతని ముందు నా నియమాన్ని నేనే తప్పితే రేపు అతను తప్పుతాడు. కొడితే కొత్త వైరు, కొత్త చైను మళ్ళీ మొదటికి. ఇదంతా అతనికి ఎలా చెప్పను? సైకిలును వెనక్కి తిప్పి, దారి అవతల, అతని మల్బరీ తోట గాలి కూడా తగలనంత దూరంలో ఉన్న కరెంటు స్తంభానికి తాళం వేసి వచ్చాను. చెప్పులు విడిచి, కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో తొక్కాను. గేటు నుంచి షెడ్డు దాకా రాళ్ళ దారి, ఎత్తు. మోకాలు ఎక్కడ మెలిపడుతుందోనని చూసుకుంటూ ఒక్కో అడుగూ వేశాను.

"కాలు యాల ఈడస్తాండావు సామీ?" అని అతనే భుజం అందించాడు.

షెడ్డులో పురుగులు మూడో జ్వరం లేచి ఆకు తింటున్నాయి. ఆ సన్న చప్పుడు వింటూ నిలబడ్డాను. ఎనిమిది నెలల్లో చైను చప్పుడు కాకుండా వేరే చప్పుడు చెవికెక్కింది అప్పుడే. పురుగులు బాగున్నాయి. అతని ముఖం చూస్తే సైకిలు సంగతి మరిచిపోయినట్టే ఉంది. నేను మరవలేదు. తిరుగుదారిలో ఆ స్తంభం దాకా నడవాలి కదా.

ఆ సాయంత్రం కుప్పంలో కూర్చుని పద్నాలుగో ఉత్తరం రాశాను. బ్లీచింగ్ సంగతి రాయొద్దని మెకానిక్కు చెప్పాడు. "దాన్నే పట్టుకుంటాడన్నా, మిగతాది వదిలేస్తాడు." నాకూ అదే భయం. అయినా రాశాను. తుప్పు వైరు ఫొటో మొదట పెట్టాను, ఇది నా తప్పు అని కింద రాసి. తర్వాత స్కేలు ఫొటో, ఇరవై ఏడు దగ్గర పెన్ను గుర్తుతో. తర్వాత రంగు పూసిన తోక ఫొటో. రెండు నీలం గీతలు పడ్డాయి. అంతే.

నెల దాటింది. మెకానిక్కు చెప్పినట్టే వైరు సాగుతోంది. నిన్న వాల్మీకిపురం దారిలో పెద్ద చక్రం రెండుసార్లు పడలేదు, మూడోసారి పడింది. పొద్దున టేపు పెడితే కుడి మోకాలు ఎడమదానికన్నా ఒక వేలు ఎక్కువ చూపించింది. వచ్చే వారం పుంగనూరు వైపు నాలుగు షెడ్లలో నాలుగో జ్వరం. వానలు పడితే ఆ దారులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

కాబట్టి సైకిలు కట్టిచ్చిన పెద్దమనిషీ, ఇది పదిహేనోది. బ్లీచింగ్ నాది, దాన్ని నీ మీద వేయను. తెలిసి ఆ జత కట్టావో తెలియక కట్టావో కూడా ఈరోజు అడగను. ఎప్పటికీ అడగనని మాత్రం అనుకోవద్దు. కాఫీ మాట ఎత్తను. నువ్వు గీకేసిన ఆ తోక మీద ఏ నంబరు ఉండేదో నీకు గుర్తుంటుంది, లేదా ఎక్కడో రాసి ఉంటుంది. ఆ నంబరు నాకు చెప్పు. బొటనవేలు వద్దు, చూస్తానని వద్దు, దీపాల బొమ్మ వద్దు. నంబరు చెప్పు.